అద్దం లేని గురి

మా పెదనాన్న పోయారు. సోమవారం పొద్దున నేను కాలేజీ బస్సు కోసం గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఉంటే, ఆయన పనిచేసే ఇంట్లో వంట చేసే అక్క ఫోన్ చేసింది. "పాపా, మీ పెదనాయన లేయడంలేదు. టీ పెట్టి పిలిచినా పలకలేదు. అంబులెన్సోళ్ళు వచ్చినారు. గుండె అంట. ఖలాస్ అంటాండారు," అంది. చెప్పాక కూడా ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. బస్సు వచ్చి, హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

తర్వాతి మూడు రోజులూ కాగితాలే. ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, కువైట్ సిటీలో ఎంబసీ కాగితం. ప్రతి కిటికీ దగ్గరా మా నాన్నను ఒకే మాట అడిగారు, "మీరు ఆయనకు ఏమవుతారు?" అని. నాన్న మొదటి రోజు "తమ్ముడండి" అన్నారు. ఇంటిపేర్లు కలవలేదని వెనక్కి పంపారు. రెండో రోజు నుంచి "ఊరివాళ్ళం" అన్నారు. అదీ నిజం కాదు. మాది కోనసీమ, ఆయనది రాయచోటి దగ్గర పల్లె. శుక్రవారం ఆయన్ని విమానంలో పంపేశాం. ఈ రోజు శనివారం. మా ఇంట్లో అందరూ పడుకుని ఉన్నారు కానీ ఎవరూ నిద్రపోవడం లేదు. నాకు రాయడం ఒక్కటే వచ్చు కాబట్టి రాస్తున్నాను.

మీలో చాలామంది ఆయన్ని ఎరగరు. జహ్రాలో మా ఫ్లాటుకు ఎదురు సందులో ఒక కువైటీ కుటుంబానికి ఇంటి డ్రైవరు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ఇల్లు, వీసా ఇచ్చిన ఒకే కఫీల్. ఆ యజమానిని ఇంట్లో పనివాళ్ళంతా బాబా అంటారు, నేనూ అలాగే అంటాను. మా నాన్న సులైబియాలో కూరగాయల గోదాములో పనిచేస్తారు. ఆ ఇంటికి ఉల్లిపాయల బస్తాలు తీసుకెళ్ళడానికి వచ్చి పెదనాన్న మా నాన్నకు పరిచయమయ్యారు. నాన్న కంటే వయసులో పెద్ద కాబట్టి నాకు పెదనాన్న అయ్యారు. అంతకు మించి చుట్టరికం ఏమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఆయన కోసం అమ్మ రాగిసంకటి చేయడం నేర్చుకుంది. తొమ్మిదేళ్ళుగా నేర్చుకుంటూనే ఉంది. ఆయన ముద్ద చేత్తో పట్టుకుని, "ఏమ్మా, ఇది గోదారోళ్ళ సంకటి. ముద్ద నిలబడదు, పారతాది," అనేవారు. అమ్మ గరిటె చూపించి, "అయితే మీ కడపోళ్ళింటికే వెళ్ళి తినండి అన్నయ్యగారూ, మాకేం బెంగలేదు," అనేది. ఆయన నవ్వుతూ మూడో ముద్ద పెట్టించుకునేవారు.

భోజనమయ్యాక జేబులోంచి ఏదో ఒకటి తీసి నాకు ఇచ్చేవారు. మందు సీసా, చలాన్ రసీదు, బియ్యం సంచి మీద అంటించిన చీటీ, ఏదైనా సరే. "రోంత చదువు పాపా. నాకు ఇంగిలీషు అచ్చరాలు మరుపొచ్చినాయి." నేను చదివి, తెలుగులో చెప్పేదాన్ని. తెలుగు చీటీలు కూడా నాకే ఇస్తున్నారని అప్పట్లో ఆలోచించలేదు. నన్ను అడగడమే గర్వంగా ఉండేది. కొత్తగా మాటలంటే పిచ్చి పట్టిన రోజులు. ప్రతి మాటకూ తెలుగులో సరైన మాట వెతికి ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆయన దాన్ని "నీ మాటల కొట్టు" అనేవారు.

పోయిన వేసవి చివర్లో ఆయన తెచ్చిన పని మాత్రం వేరు. బాబాకు వేట అంటే ప్రాణం. ఇక్కడ కాదు, అమెరికాలో. అక్కడ ఒక స్నేహితుడి పొలం ఉంది. ప్రతి ఏడూ చలికాలం ముందు అక్కడికి వెళ్ళి జింకల వేటలో వారం గడిపి వస్తారు. ఆయన వాడేది గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరి కడ్డీతో దట్టించే పాతకాలపు తుపాకీ. మన పల్లెల్లో నాటు తుపాకీ అంటారే, ఆ పద్ధతిది. ఆ తుపాకీ వాళ్ళకని అక్కడ వేట రోజులు వేరుగా కేటాయిస్తారట. ఆ రోజుల్లో తుపాకీ మీద గురి చూసుకునే ఏర్పాటు ఎలాంటిది ఉండాలో, ఏది ఉండకూడదో చట్టం చెబుతుంది. ఇన్నాళ్ళూ ఆ కాగితాలన్నీ బాబా పెద్దకొడుకు చూసేవాడు. ఈసారి కొడుకులు "వయసైపోయింది, వద్దు" అన్నారు. బాబాకు కోపం వచ్చి వాళ్ళను అడగడం మానేశారు. డ్రైవర్ని అడిగారు. డ్రైవరు నన్ను అడిగారు.

"తుపాకీ గురించి నాకేం తెలుసు పెదనాన్నా?"

"నాకు తెలుసు. ఇంగిలీషు నీకు తెలుసు. ఇద్దరం కల్సి ఒక మనిషి అయితాం, పా," అన్నారు.

ఆయనకు నిజంగానే తెలుసు. వాళ్ళ నాయనకు పంట కాపలా కోసం లైసెన్సున్న నాటు తుపాకీ ఉండేది. అడవిపందులు వేరుశనగ చేను తవ్వేస్తుంటే కాపలా కాసేవారట. మా అన్నం బల్ల మీద గరిటెను తుపాకీలా పెట్టి నాకు పాఠం చెప్పారు. గొట్టం చివర నిలబడే చిన్నది బొడిపె. కంటి దగ్గర ఉండేది గాడి. గాడిలో బొడిపె, బొడిపె మీద జంతువు. ఈ మూడూ ఒక వరసలోకి రావాలి. గాడి బదులు సన్నని రంధ్రం ఉంటే అది బెజ్జం గురి. ఈ మాటలన్నీ నా కొట్టులోకి వెళ్ళాయి. ఇంగ్లీషులో రెండు పేజీలు పట్టిన సంగతి ఆయన గరిటెతో రెండు నిమిషాల్లో చెప్పారు.

"దుర్బీను పెట్టుకుంటే ఏమైతాది? శానా దూరం నుంచి కొట్టొచ్చు కదా?" అని ఆయన యాసలోనే అడిగాను, ఆట పట్టిద్దామని.

"అందుకే వద్దంటారు. ఈ తుపాకీలో ఒకటే గుండు. తప్పితే మళ్ళా మందు కూరల్ల. అందుకని దగ్గరికి పోవల్ల. మనం దగ్గరికి పోతే దానికీ మన వాసన తగుల్తాది, అదీ పరిగెత్తొచ్చు. ఆ అవకాశం దానికి ఇయ్యాలని రాసినారు." కాసేపు ఆగి, "మా నాయన ఒకటే మాట చెప్పేవాడు. బొడిపె కనపడకపోతే తుపాకి దించల్ల," అన్నారు.

ఆ మాట వాళ్ళ నాయన ఊరికే నేర్చుకున్నది కాదు. ఒకసారి మసక వెలుతురులో పంది అనుకుని పక్క పొలం వాళ్ళ దూడను కొట్టాడట. ఎవరూ చూడలేదు. అయినా తెల్లారగానే ఆ ఇంటికి వెళ్ళి తనే చెప్పాడట. "ఆ పొద్దు మా నాయన తల వంచుకొని నిలబడింటే నాకు సిగ్గయింది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గు గాదు," అన్నారు పెదనాన్న.

తప్పు చేసింది నేను. ఇంటర్నెట్టులో మొదట దొరికిన నియమం పట్టుకున్నాను. దాని ప్రకారం దూరాన్ని దగ్గర చేసి చూపించే అద్దం పెట్టకూడదు, కానీ ఉన్నది ఉన్నట్టు చూపించే అద్దం పెట్టుకోవచ్చు. ఎంత శ్రద్ధగా రాశానో! తెలుగులో ఒక ప్రతి, పెదనాన్న అరబ్బీలో చెప్పడానికి వీలుగా చిన్న వాక్యాల్లో ఇంకో ప్రతి. ఆ నియమం వేరే రాష్ట్రానిదని చూడలేదు. అమెరికా ఒక దేశం, దేశానికి ఒక చట్టం అనుకున్నాను. జహ్రాకు ఒక చట్టం, సిటీకి ఇంకో చట్టం ఎక్కడైనా ఉంటాయా? పెదనాన్న కూడా అలాగే అనుకున్నారు. గల్ఫులో ఇన్నేళ్ళు బతికినవాళ్ళం మాకు అనుమానమే రాలేదు.

బాబా అద్దం తెప్పించారు. లైసెన్సు బాబా పేరు మీద ఉంది కాబట్టి, ఆయన పక్కన కూర్చుంటేనే పెదనాన్న ఆ తుపాకీ ముట్టుకునేవారు. కారు షెడ్డులో ఇద్దరూ ఒక సాయంత్రమంతా కూర్చుని అద్దం బిగించారు. ఖాళీ తుపాకీ ఎత్తి బాబా ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకును చూశారు. గాడి, బొడిపె రెండూ ఆయన కంటికి ఎప్పుడో మసకబారిపోయాయి. అద్దంలో మాత్రం మధ్య గీత స్పష్టంగా కనిపించింది. ఎగిరి గంతేసినంత పని చేశారట.

తర్వాత పదిహేను రోజులకు, ఆ స్నేహితుడు పంపిన అసలు పుస్తకం వచ్చింది. నేను మా ఇంట్లో కూర్చుని చదివాను. ఆ రాష్ట్రంలో, ఆ రోజుల్లో, తుపాకీ మీద ఏ అద్దమూ ఉండకూడదు. బ్యాటరీతో వెలిగేదీ ఉండకూడదు. గాడి, బెజ్జం, అంతే. బొడిపెకు మెరిసే రంగు పూసుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ చదివాను. పేజీ మారలేదు.

పెదనాన్నకు చెబుతూ ఏడ్చేశాను. ఆయన నా ఏడుపు ఆగేదాకా కూర్చుని, "నువ్వు చదివినావు, నేను నమ్మినా, ఆయప్ప బిగించుకున్న్యాడు. ముగ్గురి తప్పు. ఇంకా ఎవురూ ఏ జంతువునూ కొట్టలేదు గదా. పోయి చెప్దాం పా," అన్నారు.

పుస్తకం చివర ఇంకో చిన్న పేరా ఉంది. చూపు తగ్గినవాళ్ళు కంటి డాక్టరు సంతకంతో అర్జీ పెట్టుకుంటే, దూరాన్ని దగ్గర చేయని అద్దానికి ప్రత్యేకంగా అనుమతి ఇస్తారు. అది చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పెదనాన్న మాత్రం ఆ పేరా రెండోసారి చదివించుకున్నారు.

మర్నాడు సాయంత్రం వెళ్ళాం. బాబా షెడ్డు బయట కుర్చీలో కూర్చుని గహ్వా కాఫీ తాగుతున్నారు. వాళ్ళ మాటలు అరబ్బీలో జరిగాయి. నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను.

పెదనాన్న జరిగింది చెప్పారు. బాబా నన్ను చూసి, "ఇంత చదివి ఇదా నీ చదువు?" అన్నారు. తర్వాత చెయ్యి ఊపి, "పోనీ. అద్దం ఉండనీ. ఆ అడవిలో నా తుపాకీ ఎవడు చూస్తాడు?" అన్నారు.

"చూడకపోయినా ఉంటుంది బాబా, చట్టం."

"నువ్వు నాకు చట్టం చెబుతావా?"

"చెప్పడంలేదు బాబా. దారి ఉందంటున్నా. డాక్టరు దగ్గర సంతకం తీసుకుంటే అద్దం పెట్టుకోవచ్చు."

బాబా గ్లాసు కింద పెట్టారు. "నా కొడుకుల ముందు నేను గుడ్డివాణ్ణని కాగితం మీద రాసివ్వాలా? వాళ్ళకు కావలసింది అదే. నా కళ్ళు బాగున్నాయి. యల్లా, లోపల పని చూసుకో."

మేం వెళ్ళిపోతామని అనుకున్నాను. నేను గేటు వైపు తిరిగాను కూడా. పెదనాన్న కదల్లేదు. కారు తాళం జేబులోంచి తీసి రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు.

"బాబా, నా కళ్ళు బాగాలేవు," అన్నారు.

బాబా అర్థం కానట్టు చూశారు.

"రెండేళ్ళయింది. ఎదురుబండి దీపం పడితే అంతా తెల్లగా అయిపోతుంది. సిగ్నలు చూడ్డంలేదు, ముందు కారు ఆగితే ఆగుతున్నా. మొన్న బడి దగ్గర మీ మనవరాల్ని దించుతుంటే ఎదురుగా ఒక పిల్లవాడు ఉన్నాడు. నేను చూడలేదు. వెనక ఎవరో హారన్ కొడితే బ్రేకు వేశా. నాకూ డాక్టరు కాగితం కావాలి. భయపడి అడగలేదు."

భయం దేనికో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఆయన ఇఖామాలో, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డులో, డ్రైవరు అని ఉంది. చూపు లేకపోతే డ్రైవరు లేడు, డ్రైవరు లేకపోతే ఇఖామా లేదు. ఊళ్ళో ఆయన చిన్న కూతురు నర్సింగు రెండో ఏడు చదువుతోంది. రెండేళ్ళుగా ఆయన కాపాడుకుంటూ వచ్చింది ఆ చదువునే. ఆయనకు అక్షరాలు మరుపు రాలేదని, కనిపించడం లేదని నాకు ఆ క్షణంలో తెలిసింది. తొమ్మిదేళ్ళ శుక్రవారాల్లో చివరి రెండేళ్ళు నేను ఎంత గర్వంగా చదివానో తలుచుకుని, ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

బాబా లేచి నిలబడి చెయ్యి చాచారు. పెదనాన్న తాళం ఆ చేతిలో పెట్టారు. బాబా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

నడుస్తూ నేనే అడిగాను. "ఎందుకు చెప్పారు పెదనాన్నా? ఆయన అద్దం సంగతి వేరు, మీ సంగతి వేరు కదా."

"ఏం వేరు? ఆయప్పకు అద్దం తియ్యమని చెప్పేవాడు స్టీరింగు పట్టుకోని ఎట్ల కూచుంటాడు? బొడిపె కనపడ్డంలే పాపా. దించినా." ఆయన గొంతులో గొప్పేమీ లేదు. చాలా అలసిపోయినవాడు మూట దించినట్టు అన్నారు. దించాక కూడా అలసట పోనివాడిలా నడిచారు.

మూడు రోజులు ఎవరూ పిలవలేదు. ఆయన తన గదిలో కూర్చున్నారు. అమ్మ క్యారేజీ పంపితే సగం తిరిగొచ్చేది. "ఇప్పుడెందుకండీ ఈయనకి ఈ సత్యహరిశ్చంద్రుడి వేషం? రెండేళ్ళాగితే ఆ పిల్ల చదువైపోయేది కదా," అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే. నాన్న, "ఆ రెండేళ్ళలో బడి దగ్గర ఏ పిల్లోడికైనా తగిలితే?" అన్నారు.

నాలుగో రోజు బాబా ఆయన్ని కారు ఎక్కించుకున్నారు. వెనక సీట్లో. చిన్న కొడుకు నడిపాడు. ఇద్దరూ ఒకే కంటి డాక్టరు ముందు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారట. బాబా అర్జీ మీద డాక్టరు సంతకం చేశాడు. అర్జీలో ఖాళీలు నేనే నింపాను. ఈసారి రాష్ట్రం పేరు నాలుగుసార్లు సరిచూసుకున్నాను. పెదనాన్నకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. చలికాలంలో కుడికంటికి ఆపరేషన్ అయింది. దాని ఏర్పాటంతా బాబా చూశారు.

బాబా అనుమతి కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళి, ఏమీ కొట్టకుండా తిరిగొచ్చారు. ఒక జింక కనిపించిందట, దూరంగా ఉందట. "దించాను," అని పెదనాన్నతో ఒక్క మాట అన్నారట. పెదనాన్న ఆ మాట మాకు రెండు శుక్రవారాలు చెప్పారు.

ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఇఖామాలో డ్రైవరు తీసేసి ఇంటి పనివాడు అని మార్పించారు. వాకిట్లో మొక్కలకు నీళ్ళు పెట్టడం, అతిథులు కూర్చునే దివానియా గదికి వచ్చినవాళ్ళకు గహ్వా పోయడం. కొత్త డ్రైవరు వచ్చాడు. కొడుకులు ఇఖామా అయిపోయేదాకానే అన్నారు, బాబా కాదనలేదు. వేసవిలో వెళ్ళిపోవాలి. కూతురి చదువు ఇంకో ఏడాది మిగిలే ఉంది. "ఎట్లనో ఒగట్ల అయితాదిలే," అనేవారు. ఎలా అవుతుందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. ఇప్పటికీ తెలియదు. నాన్న, గోదాములోవాళ్ళు కలిసి ఆ పిల్ల ఫీజు కోసం ఏదో చేయాలని అనుకుంటున్నారు.

నేను చదివిన తప్పు వల్లే ఆయన ఆ సాయంత్రం ఆ వాకిట్లో నిలబడాల్సి వచ్చింది. ఒకసారి ఆ మాట ఆయనతో అన్నాను. "నీ తప్పు లేకపోయింటే నేను ఇంకా నడుపుతాంటి," అన్నారు. అది ఓదార్పో, నిజమో, రెండూనో నేను ఇంకా తేల్చుకోలేదు.

ఆయన్ని చివరిసారి చూసింది పోయిన ఆదివారం. ఇక్కడ వారానికి సెలవు శుక్ర, శనివారాలే, ఆదివారం కాలేజీ ఉంటుంది. కాలేజీ బస్సు కోసం సందు చివర నిలబడ్డాను. దుమ్ము గాలి ముందురోజే తగ్గింది, ఆకాశం కడిగినట్టు ఉంది. ఎదురుగా వాళ్ళ ప్రహరీ పక్కన సిమెంటు దిమ్మ మీద పెదనాన్న కూర్చుని ఉన్నారు. మొక్కలకు నీళ్ళు పెట్టడం అయిపోయినట్టుంది, పైపు కాళ్ళ దగ్గర చుట్టి ఉంది. నన్ను చూడలేదు. రోడ్డు మీద పోయే కార్లను చూస్తున్నారు. ఒక కారు పోతే దాని వెనక నెంబరు ప్లేటు చదువుతున్నారు, పైకే, అరబ్బీ అంకెల్ని ఒక్కొక్కటిగా. అది మలుపు తిరిగేలోపు ఇంకో కారు. దాని నెంబరు. ఒకటి తొందరగా పోతే మెడ చాచి చివరి అంకె దాకా పట్టుకుని, తనలో తనే తల ఊపుకున్నారు. నా బస్సు వచ్చింది. ఎక్కి వెనక అద్దంలోంచి చూశాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. మా బస్సు నెంబరు చదువుతున్నారు.